కథ పెద్దదవుతోంది, పట్టు సడలుతోంది

పాఠకుల ప్రశ్నలు – మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే బాధ చుట్టూ తిరిగాయి. రాసేవాళ్ళు "ఎంత పెంచినా చాలడం లేదు" అంటున్నారు. చూసేవాళ్ళు, చదివేవాళ్ళు "ఇక మా వల్ల కాదు" అంటున్నారు. రెండూ ఒకే ముడికి రెండు కొసలు కాబట్టి అన్నిటినీ ఒకచోట చేర్చాం. మొదటి జవాబు నిడివి ఎక్కువైంది. మిగతావాటికి అదే పునాది కనుక దాన్ని కుదించలేదు.

ప్రశ్న: నేను ఆన్‌లైన్‌లో రాస్తున్న సీరియల్ 140 భాగాలు దాటింది. తండ్రి వదిలివెళ్ళిన పొలాన్ని ఒక అమ్మాయి కాపాడుకోవడంతో మొదలుపెట్టాను. ఆ తర్వాత ఊరి పెద్దమనిషి, ఆయన వెనక ఒక ముఠా, ముఠా వెనక ఒక మంత్రి, ఇప్పుడు దేశాన్నే కూల్చే కుట్ర. ప్రమాదం పెంచుతూనే ఉన్నాను. అయినా "మొదట్లో ఉన్న ఉత్కంఠ లేదండీ" అంటున్నారు. ఇంకేం పెంచాలి?

జవాబు: ఏమీ పెంచకండి, దించండి. పొలం నుంచి దేశం దాకా మీరు ఒడ్డినది పెద్దదవుతూ వచ్చింది కానీ ఆ అమ్మాయికి దూరమవుతూ వచ్చింది. పొలం పోతే ఆమె రేపు పొద్దున ఎక్కడ నిద్ర లేస్తుందో, ఎవరి గుమ్మం ముందు చెయ్యి చాపాల్సి వస్తుందో పాఠకుడికి కళ్ళకు కడుతుంది. దేశం కూలిపోతే రేపు పొద్దున ఆమె ఏం చేస్తుంది? మీరు రాయలేదు, పాఠకుడు ఊహించలేడు. ఊహకు అందని నష్టానికి గుండె కొట్టుకోదు.

పెంచుకుంటూ పోవడంలో ఒక లెక్క కూడా అడ్డం వస్తుంది. చేతిలో బరువు పెరిగిందని మనకు ఎప్పుడు తెలుస్తుందో జర్మన్ శాస్త్రవేత్త ఎర్న్‌స్ట్ వెబర్ 19వ శతాబ్దంలో పరిశీలించాడు. కలిపే బరువు అప్పటికే చేతిలో ఉన్న బరువుకు తగిన పాళ్ళలో ఉంటేనే తేడా తెలుస్తుంది. కిలో పట్టుకున్నవాడికి సుమారు 20 గ్రాములు కలిపితే తెలుస్తుందనుకుంటే, పది కిలోలు పట్టుకున్నవాడికి 200 గ్రాములు కలపాలి. కథలో ఉత్కంఠను తూకం వేయలేం కానీ పాఠకుడి అనుభవం ఈ దారిలోనే నడుస్తుంది. ఒక్క ప్రాణం ప్రమాదంలో పడినప్పుడు కలిగిన అదురు మళ్ళీ కలగాలంటే ఈసారి పది ప్రాణాలు కావాలి, ఆపైన వంద. వెయ్యి నుంచి పదివేలకు వెళ్ళేసరికి అవి అంకెలుగా మిగులుతాయి, మనుషులుగా కనబడవు. బాధితుల సంఖ్య పెరిగేకొద్దీ మన సానుభూతి అదే పాళ్ళలో పెరగదని, ఒక్కోసారి తగ్గుతుందని మనస్తత్వ శాస్త్రజ్ఞుడు పాల్ స్లోవిక్ చాలాకాలంగా రాస్తున్నారు. ఇది పాఠకుల దోషం కాదు. మనిషి మనసు అలా పనిచేస్తుంది.

పెంచడం తెలిసిన కథకు మనకు తెలిసినంతలో సభాపర్వంలోని జూదాన్ని మించినది లేదు. ధర్మరాజు ఒడ్డిన వరుస చూడండి. ముత్యాలు, బంగారం, రథం, ఏనుగులు, గుర్రాలు, ఆ తర్వాత రాజ్యం. రాజ్యం పోయాక నకులుడు, సహదేవుడు, అర్జునుడు, భీముడు, తాను, చివరికి ద్రౌపది. పరిమాణంలో చూస్తే ఇది తగ్గుతున్న వరుస. అంత రాజ్యం ముందు పోయి ఒక్క మనిషి చివర్లో వచ్చాడు. అయినా వినేవాళ్ళకు ఊపిరి ఆగేది చివర్లోనే, ఎందుకంటే ఒడ్డేది ప్రతి పందేనికీ ఒంటికి దగ్గరవుతోంది. మీరు ఈ వరుసను తలకిందులుగా నడిపారు.

అదే ఘట్టంలో రెండో పాఠం ఉంది, అది ఇంకా విలువైనది. ద్రౌపది అడిగిన వరాలతో ధృతరాష్ట్రుడు పాండవుల్ని విడిపించాడు, రాజ్యాన్నీ సంపదనూ తిరిగి ఇచ్చేశాడు. లెక్క ప్రకారం ఎవరికీ ఏమీ పోలేదు. కానీ సభలో జరిగిన అవమానాన్ని ఎవరూ తిరిగి తీసుకోలేకపోయారు, భీముడి ప్రతిజ్ఞ వెనక్కి పోలేదు. అందుకే అన్నీ తిరిగి వచ్చినా కథ చప్పబడలేదు. మీ సీరియల్‌కు ఈ పరీక్ష పెట్టండి. పొలం చేజారింది, 30వ భాగంలో తిరిగి వచ్చింది. తమ్ముణ్ణి ఎత్తుకుపోయారు, క్షేమంగా వచ్చాడు. ఆమె మీద కేసు పడింది, కొట్టేశారు. వీటిలో ఏ ఒక్కటి ఎవరి మీదనైనా చెరగని గీత పెట్టిందా? పెట్టకపోతే "ఎంత పోయినా తిరిగొస్తుంది" అని మీరే 140 భాగాలుగా పాఠకులకు నేర్పారు. అది నేర్చుకున్న పాఠకుడు దేశం కూలుతుందంటే ఎందుకు భయపడతాడు? సుదీర్ఘ కథల్లో అలసటకు అసలు కారణం నిడివి కాదు, ఈ తిరిగిచ్చేయడమే. దీన్ని మేం గట్టిగా నమ్ముతాం.

ఇప్పుడు చేయగలిగింది చెబుతాం. కుట్రను మధ్యలో వదిలేయకండి, అది ఇంకో మోసం అవుతుంది. నాలుగైదు భాగాల్లో ముగించండి, కానీ గెలుపుకు ఆమె నిజంగా ఏదో ఒకటి చెల్లించాలి. చెల్లించేది మొదటి 20 భాగాల్లో పాఠకులు ఇష్టపడినదై ఉండాలి. ఆ పొలమే అయితే మరీ మంచిది: దోషిని పట్టించడానికి ఆమె చేతులారా పొలం వదులుకోవాలి. తర్వాతి మూడు భాగాల్లో ఆ నష్టం పనుల్లో కనబడాలి, ఏడుపులో కాదు. అలవాటుగా తెల్లవారుజామున లేచి, వెళ్ళడానికి చోటు లేక మళ్ళీ కూర్చుంటుంది. అది చాలు.

ఆ తర్వాత ఎనిమిది నుంచి పది భాగాలు కొత్త ప్రతినాయకుడు వద్దు. మేం మెట్లను నాలుగుగా లెక్కపెడతాం: మనసు, ఇల్లు, ఊరు, లోకం. ఒక మెట్టు ఎక్కితే తర్వాత రెండు మెట్లు దిగాలి. మీరిప్పుడు లోకం దగ్గర ఉన్నారు, కాబట్టి ఇంటికి దిగండి. తమ్ముణ్ణి ఎత్తుకుపోయిన రోజుల గురించి వాడు ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు అనుకోండి. అక్కాతమ్ముళ్ళ మధ్య మాట పడిపోయింది. ఈ ఒక్క పోగుతో పది భాగాలు నడుస్తాయి. మొదటి రెండు మూడు భాగాలకు చదివేవాళ్ళు కాస్త తగ్గవచ్చు, బెదిరిపోయి బాంబు పేల్చకండి. ఇలా దిగే రచయితలు ఎక్కువగా తప్పటడుగు వేసేది అక్కడే.

ప్రశ్న: డైలీ సీరియళ్ళలో ఒక చెంపదెబ్బకి ఇంట్లో అందరి ముఖాలూ ఒక్కొక్కటి మూడేసిసార్లు చూపిస్తారు. అసలు ఎందుకిలా సాగదీస్తారు? రాసేవాళ్ళకి తెలియదా?

జవాబు: తెలుసు. సాగదీత చాలాసార్లు కాగితం మీద పుట్టదు, షూటింగులో, ఎడిటింగులో పుడుతుంది. అరగంట స్లాటులో ప్రకటనలు పోగా ఇరవై నిమిషాల పైచిలుకు కథ ఉండాలి, అదీ వారానికి ఐదారు రోజులు. ముందుగా తీసి ఉంచిన ఎపిసోడ్ల నిల్వను బ్యాంకు అంటారు. బ్యాంకులో పది పన్నెండు ఎపిసోడ్లు ఉన్నంతకాలం కథ రాసినట్టే నడుస్తుంది. ఒక ఆర్టిస్టు డేట్లు దొరకక, లేదా పై నుంచి ట్రాక్ మార్చమన్నందుకు, బ్యాంకు ఒకటి రెండు రోజులకు పడిపోతే చేతిలో ఉన్న నాలుగు సీన్లతోనే ఎపిసోడ్ నింపాలి. ముఖాలు, ఉరుము శబ్దం, నిన్నటి సీను మళ్ళీ చూపించడం అప్పుడే వస్తాయి. దీనికి తోడు 150 ఎపిసోడ్లకు అల్లిన కథ ఆదరణ బాగుందని 600కు పొడిగిస్తే జీడిపాకం కాక ఏమవుతుంది?

రచయితల జట్టు ముందే చేసుకోగల ఏర్పాటు ఒకటుంది. మొత్తం కథను ఒకే తాడుగా కాకుండా 20–25 ఎపిసోడ్ల కట్టలుగా అల్లడం, ఒక్కో కట్టలో ఒక సమస్య పుట్టి అక్కడే తీరిపోవడం. పొడిగించమంటే ఇంకో కట్ట కలుస్తుంది, ఉన్న కట్టను పీకాల్సిన పని ఉండదు. అలాగే ఇంట్లోని ఇద్దరు ముగ్గురు చిన్న పాత్రలకు చెరో చిన్న కథ రాసి పక్కన పెట్టుకుంటే, ముఖ్య నటి రాని రోజు ముఖాలతో కాకుండా కథతో గడుస్తుంది.

నిదానం వేరు, సాగదీత వేరు అని కూడా ఇక్కడే చెప్పాలి. సీను మొదలైనప్పుడు మనకు తెలిసినదానికీ ముగిసినప్పుడు తెలిసినదానికీ తేడా ఉంటే అది ఎంత మెల్లగా నడిచినా నిదానమే. తేడా లేకపోతే అర నిమిషమైనా సాగదీతే.

ప్రశ్న: చనిపోయిన పాత్రను తిరిగి తీసుకురావచ్చా? మా వెబ్ సీరియల్‌లో అందరూ ఇష్టపడే పాత్రను చంపేశాం. పాఠకులు వదిలిపెట్టడం లేదు.

జవాబు: తీసుకురావచ్చు, ఒక్కసారే. ఇంగ్లీషు డిటెక్టివ్ కథల నాయకుడు షెర్లాక్ హోమ్స్ 1893లో జలపాతంలో పడి చనిపోయినట్టు వచ్చింది. 1901లో మొదలైన నవలలో మళ్ళీ కనిపించాడు కానీ అది చావుకు ముందటి కథగా వచ్చింది. నిజంగా బతికొచ్చింది 1903లో. ఆ పునరాగమనాన్ని పాఠకులు ఒప్పుకున్నారంటే ఒక కారణం చావును రాసిన తీరులోనే ఉంది. పడిపోవడాన్ని కళ్ళారా చూసినవాళ్ళు లేరు, శవం దొరకలేదు. ఆ కథలు చెప్పే స్నేహితుడు వాట్సన్ గుర్తుల్ని బట్టి ఊహించుకున్నాడు, పాఠకుడూ ఊహించుకున్నాడు. మీ పాత్రకు అలాంటి సందు ఉందా? అంత్యక్రియలు కూడా రాసేసి ఉంటే ఆశ వదులుకోండి.

సందు ఉన్నా ఇంకొకటి చూడాలి. ఆ చావును నమ్మి మిగతావాళ్ళు తమ జీవితాలు మార్చుకుని ఉంటారు. భార్య ఉద్యోగంలో చేరింది, తమ్ముడు అప్పు నెత్తిన వేసుకున్నాడు, స్నేహితుడు ఒక నేరం ఒప్పుకున్నాడు. తిరిగొచ్చినవాడి వల్ల వీళ్ళలో కనీసం ఒకరికి నష్టం జరగాలి, ఆ నష్టం నిలవాలి. అందరికీ ఆనందమే అయితే చావు అబద్ధమైపోతుంది.

చేయకూడనిదానికి అమెరికన్ టీవీ సీరియల్ "డల్లాస్" గుర్తుండిపోయే ఉదాహరణ. చనిపోయిన ఒక పాత్రను 1986లో వెనక్కి తెచ్చారు. అందుకోసం అంతకుముందు సీజన్ మొత్తాన్నీ ఒక పాత్రకు వచ్చిన కలగా తేల్చేశారు. ఒక మనిషి తిరిగి రావడం కన్నా పెద్ద దెబ్బ వేరే ఉంది. ఆ ఏడాది పాటు ఇతర పాత్రలు పడ్డ బాధలు, తీసుకున్న నిర్ణయాలు అన్నీ రద్దయిపోయాయి, వాళ్ళతో పాటు ప్రేక్షకులు వెచ్చించిన ఏడాది కూడా.

ప్రశ్న: నేను యాక్షన్ కామిక్స్ గీస్తాను. ప్రతి కొత్త విలన్ పాతవాడికన్నా బలవంతుడు కాకపోతే పాఠకులు ఊరుకోరు. అయితే హీరో ఇప్పటికే కొండలు పిండి చేస్తున్నాడు.

జవాబు: మీరు బలాన్ని ఒకే గీత మీద కొలుస్తున్నారు, ఆ గీతకు చివర ఉంది. జపాన్ కామిక్ "డ్రాగన్ బాల్"లో బలాన్ని అంకెల్లో చూపించే పరికరం ఒకటి వస్తుంది. దానితో మొదటిసారి కొలిచినప్పుడు కథానాయకుడి అంకె 334. కొంతకాలానికి వచ్చిన ప్రతినాయకుడు తన అంకె 5,30,000 అని ప్రకటిస్తాడు, అదీ అసలు రూపం దాల్చకముందే. అంటే పదిహేను వందల రెట్లకు పైమాటే. ఆ ఘట్టం తర్వాత కథలో ఆ అంకెలు దాదాపు కనుమరుగయ్యాయి. అంత పెద్ద అంకె తర్వాత ఏ అంకె చెప్పినా అర్థం ఉండదు కాబట్టి వాటిని వదిలేయడం సరైన పనే.

గీత మార్చండి. తర్వాత వచ్చేవాడు హీరో కన్నా బలహీనుడై ఉండాలి, కానీ ఆ బలంతో గెలవలేని రకం. అతను అబద్ధం చెబుతాడు, జనం అతన్నే నమ్ముతారు. లేదా హీరో కొట్టకూడని మనిషి: గురువు, సొంత అన్న, ఒక పసివాడు. లేదా హీరో ఒకేసారి రెండు చోట్ల ఉండాల్సిన పరిస్థితి కల్పిస్తాడు. కొండను పిండి చేసేవాడు కూడా రెండు చోట్ల ఉండలేడు.

కొత్త విలన్ గొప్పతనం చూపడానికి పాత విలన్‌ను ఒక్క దెబ్బతో పడగొట్టించే అలవాటు మీ పేజీల్లో ఉంటే వెంటనే ఆపండి. హీరో ముప్ఫై అధ్యాయాలు కష్టపడి సాధించిన విజయం ఆ ఒక్క బొమ్మతో చిల్లిగవ్వకు కొరగాకుండా పోతుంది. గాయాల్నీ లెక్కలో పెట్టుకోండి. హీరో ఎడమ చెయ్యి విరిగితే ఆ చెయ్యి ఆ తర్వాత కనీసం రెండు పోరాటాల్లో అతని ఎత్తుగడను మార్చాలి.

ప్రశ్న: ప్రతి భాగం చివర సస్పెన్స్ పెట్టాలంటారు. పెడుతున్నాను. "మీ సస్పెన్స్‌లు మాకు తెలిసిపోయాయి" అని కామెంట్లు.

జవాబు: చివరి పది భాగాల ఆఖరి పంక్తులు ఒక కాగితం మీద వరుసగా రాసి చూడండి. ఏడెనిమిది "ప్రాణాపాయం" రకమే అయి ఉంటాయి. ఆ రకం పదిటికి మూడు మించకూడదు. మిగతావాటిలో కొన్ని నిర్ణయంతో ముగియాలి (ఆమె సంతకం పెట్టేసింది), కొన్ని కొత్తగా తెలిసిన విషయంతో (ఆ ఉత్తరం మీద తేదీ పెళ్ళికి ముందుది), కొన్ని మనిషి రాకతో, ఒకటి రెండు ఏ ముడీ లేకుండా ప్రశాంతంగా.

దొంగ ముడి మాత్రం అస్సలు వద్దు. వెనక నుంచి భుజం మీద చెయ్యి పడటం, తర్వాతి భాగంలో చూస్తే అది పక్కింటి స్నేహితురాలు కావడం వంటివి. అలాంటి ఒక్క ముడి తర్వాతి నాలుగైదు నిజమైన ముళ్ళ విలువను తినేస్తుంది.

ప్రశ్న: 200 భాగాలు దాటాక ఏ పోగు ఎక్కడ వదిలానో నాకే గుర్తుండటం లేదు. పాఠకులు పట్టుకుని అడుగుతున్నారు. ఏదైనా పద్ధతి చెప్పండి.

జవాబు: బాకీల పుస్తకం పెట్టుకోండి. నోటుబుక్ అయినా సరే, కంప్యూటర్‌లో పట్టిక అయినా సరే. ఐదు నిలువు గడులు చాలు: పాఠకుడిలో పుట్టించిన ప్రశ్న, అది పుట్టిన భాగం సంఖ్య, కథలో దాని జవాబు ఎవరెవరికి తెలుసు, చివరిసారి దాన్ని ఎప్పుడు కదిలించారు, ఎప్పుడు తీర్చారు.

అన్నిటికన్నా ఉపయోగపడేది నాలుగో గడి. పెద్ద ప్రశ్నను నాలుగు భాగాలకు ఒకసారైనా కదిలించాలి, తీర్చనక్కర్లేదు. ఒక చిన్న ఆధారం, ఒక అనుమానం, ఒక తప్పుడు జవాబు చాలు. పదిహేను భాగాలు ముట్టుకోకుండా వదిలేసిన ప్రశ్నను పాఠకుడు మరిచిపోతాడు. తర్వాత ఘనంగా జవాబు ఇచ్చినా "ఇదెప్పటి సంగతి?" అంటాడు. ఒకేసారి తెరిచి ఉన్న పెద్ద ప్రశ్నలు మూడు దాటకుండా చూసుకోండి. నాలుగోది తెరవాలంటే ముందు ఒకటి తీర్చాలి. రచయితలు ఎక్కువగా తప్పేది ఇక్కడే, పాతదానికి జవాబు దొరకక కొత్తది తెరిచేస్తారు. అప్పు తీర్చడానికి అప్పు చేసినట్టే.

మూడో గడి ఎందుకంటే, ఒక రహస్యం ఒకరికి తెలిసీ చెప్పకపోవడానికి కారణం ఉండాలి. "ఒక్కమాట చెబితే అయిపోయేదానికి వంద ఎపిసోడ్లా?" అని ప్రేక్షకులు విసుక్కునేది దీని గురించే. కారణం రాయలేకపోతే ఆ రహస్యాన్ని రెండు మూడు భాగాల్లోనే బయటపెట్టేయండి. బయటపడ్డ రహస్యం వల్ల వచ్చే చిక్కులే దాచిన రహస్యం కన్నా ఎక్కువ కథనిస్తాయి.

ఇప్పటికే 200 భాగాలు దాటాయి కాబట్టి అన్నీ తిరగేయాలనుకోకండి. చివరి 50 భాగాలు చదివి పుస్తకం మొదలుపెట్టండి. అంతకుముందువి పాఠకులే అడుగుతున్నారుగా, వాళ్ళు అడిగినవే బతికున్న బాకీలు. భాగం ముందు ఇచ్చే "జరిగిన కథ" 60–80 పదాలు దాటకుండా, ఈ భాగానికి అవసరమైన పోగులు మాత్రమే చెబుతూ రాయండి.

ప్రశ్న: సినిమాల్లో ఇప్పుడు ఒకటి చూడాలంటే అంతకుముందు ఐదు చూసి ఉండాలంటున్నారు. ఇది కూడా అదే అలసటా?

జవాబు: కొంత అదే, కొంత వేరు. ఇక్కడ అదనంగా పాఠం చదువుకొచ్చి పరీక్ష రాస్తున్న భావన కలుగుతుంది. పాత సినిమా చూసినవాడికి అదనపు ఆనందం ఉండటం తప్పు కాదు. చూడనివాడికి ఇప్పటి సినిమా అర్థం కాకపోవడమే తప్పు. ఇందులో ఎవరికి ఏం కావాలో, అడ్డెవరో మొదటి ఇరవై నిమిషాల్లో కొత్త ప్రేక్షకుడికి తెలిసిపోతే చాలు, వెనక ఎన్ని సినిమాలున్నా భారం అనిపించదు. చివర్లో వచ్చేది ఈ కథ ముగింపు కాకుండా రాబోయే సినిమాకు ప్రకటనే అయితే మాత్రం ఎవరికైనా విసుగే.

ప్రశ్న: మొత్తానికి కథ పొడవే సమస్య కదా? చిన్న కథలే రాస్తే పోలేదా?

జవాబు: కాదు. అమెరికాలో "గైడింగ్ లైట్" అనే ధారావాహిక 1937లో రేడియోలో మొదలై, 1952లో టీవీకి వచ్చి, 2009 దాకా నడిచింది. 72 ఏళ్ళు. ఇలా దశాబ్దాలు నడిచినవి ఎక్కువగా ఇళ్ళ కథలే. వాటిలో కుటుంబాలు వంతులవారీగా ముందుకొస్తాయి, ఒకరి కష్టం సద్దుమణిగే వేళకు ఇంకొకరిది మొదలవుతుంది, పిల్లలు పెద్దవాళ్ళయి కథను అందుకుంటారు. లోకాన్ని కాపాడాల్సిన పని ఎవరికీ ఉండదు కాబట్టి గీత చివరకు చేరడం ఉండదు.

ప్రశ్న: ఆరేళ్ళుగా ఒక సీరియల్ చూస్తున్నాను. ఆనందం లేదు, వదలబుద్ధీ కావడం లేదు. ఇన్నేళ్ళు చూసి చివర్లో మానేయడం నష్టం కాదా?

జవాబు: గడిచిన ఆరేళ్ళు చూసినా తిరిగి రావు, మానేసినా తిరిగి రావు. నిర్ణయం రాబోయే ఆరు నెలల గురించే. రెండు వారాలు ఆపి చూడండి. ఆపే ముందు, చివరి మూడు ఎపిసోడ్లలో ఏ పాత్ర జీవితంలో ఏం మారిందో మూడు వాక్యాలు రాసుకోండి. రాయడానికే ఏమీ లేకపోతే జవాబు వచ్చినట్టే. రెండు వారాల తర్వాత మళ్ళీ ఒక ఎపిసోడ్ చూడండి. ఎవరినీ అడగకుండానే కథ మొత్తం అర్థమైపోతే ఆ పది పన్నెండు ఎపిసోడ్లు మీకు అక్కర్లేదని ఆ సీరియలే చెప్పింది. అప్పుడు వారానికి ఒక్కటి చూస్తే సరిపోతుంది, ఆ పాత్రల మీద ప్రేమా పోదు. రెండు వారాల్లో ఒక్కసారైనా "ఆమె ఏం చేసి ఉంటుంది?" అని మీకు దానంతట అది గుర్తొస్తే నిశ్చింతగా చూడండి. మీ ఇష్టం ఇంకా బతికే ఉంది.

ప్రశ్న: ముగింపు ఎప్పుడు నిర్ణయించుకోవాలి? పతాక సన్నివేశం అయ్యాక ఎన్ని భాగాలు మిగల్చాలి?

జవాబు: ముగింపు తేదీ కాకపోయినా ముగింపు సన్నివేశం మొదటి భాగం రాసేముందే తెలిసి ఉంటే మంచిది. తెలియకపోతే కథ మధ్యలోనైనా నిర్ణయించుకుని పాఠకులకు చెప్పేయండి. "లాస్ట్" అనే అమెరికన్ సీరియల్ నిర్మాతలు 2010లో ముగిస్తామని 2007లోనే ప్రకటించారు. తేదీ తెలిశాక ప్రతి రహస్యాన్నీ ఎన్ని ఎపిసోడ్లలో తీర్చాలో లెక్క వేసుకోవచ్చు. చూసేవాళ్ళకూ కొండంత ఓపిక వస్తుంది. "ఇంకా 30 భాగాలున్నాయి" అని ముందే చెప్పిన సీరియల్‌ను మధ్యలో వదిలేసేవాళ్ళు తక్కువని మా నమ్మకం.

మిగల్చాల్సినదాని గురించి రెండు నమూనాలు చూడండి. ఇంగ్లీషు నవలా రచయిత డికెన్స్ చాలా నవలల్ని 20 నెలవారీ భాగాలుగా, ఒక్కో భాగం 32 పేజీలుగా వెలువరించాడు. ఆఖరి నెల మాత్రం రెండు భాగాలు కలిపి ఒకేసారి వచ్చేవి. అందరి లెక్కలూ తేల్చడానికి చోటు అలా దొరికేది. భారతం ఇంకా ఉదారంగా ఉంటుంది. భీష్మపర్వం నుంచి శల్యపర్వం దాకా నాలుగు పర్వాల యుద్ధం, ఆ తర్వాత సౌప్తికంలో రాత్రి ఊచకోత. అక్కడికి పది పర్వాలు. మిగిలిన ఎనిమిదీ స్త్రీపర్వంలోని శోకంతో మొదలై గెలిచినవాళ్ళు ఆ గెలుపుతో ఎలా బతికారో చెబుతాయి.

మీకు ఎనిమిది పర్వాలు అక్కర్లేదు. 100 భాగాల సీరియల్ అయితే పతాక సన్నివేశాన్ని 90–92 మధ్య ముగించండి. తర్వాతి రెండు భాగాలు నష్టపోయినవాళ్ళవి, గెలిచినవాళ్ళ వంతు ఆ తర్వాతే. బాకీల పుస్తకంలో తీరకుండా మిగిలినవన్నీ 98 లోపు తీర్చండి, ఒక్కదాన్ని మాత్రం కావాలని వదిలేయవచ్చు. చివరి రెండు భాగాల్లో కొత్త పాత్ర, కొత్త రహస్యం, రెండో సీజన్ సూచన ఏవీ వద్దు. ఆఖరి సన్నివేశం మొదటి భాగం జరిగిన చోటే జరిగితే, పాత్రల్లో ఏం మారిందో మీరు చెప్పనక్కర్లేకుండా పాఠకుడే పోల్చుకుంటాడు.